కంప కట్టిన దారి

అరకు వెళ్లే వాళ్లు గాలికొండ దగ్గర ఒకసారి ఆగుతారు. కాఫీ తాగి, లోయలో తేలే మబ్బు ముందు నిలబడి ఫొటో దిగి బయల్దేరతారు. 1860 ప్రాంతంలో అక్కడికి ఎక్కిన తెల్ల సిపాయిలు ఇంత తేలిగ్గా దిగిపోలేదు. విశాఖపట్నం ఉక్కకు తట్టుకోలేని యూరోపియన్ దళాల కోసం గాలికొండ మీద ఆరోగ్య విడిది కట్టాలని ప్రభుత్వం తలపెట్టింది. ఐదు వేల అడుగులు దాటిన ఎత్తు, పేరులోనే గాలి. ఇంకేం కావాలనుకున్నారు. పైకి వెళ్లినవాళ్లను జ్వరం పట్టుకుంది. విడిది సంగతి అంతటితో సరి.

మైదానంలో దానికి మన్యం జ్వరమని పేరు. కొండ గాలి పడలేదని కొందరు, కొండ నీళ్లు పడలేదని కొందరు అన్నారు. తప్పు గాలిది కాదు, దోమది అని తేల్చడానికి 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ సూక్ష్మదర్శిని ముందు కూర్చోవలసి వచ్చింది. 1914 నాటికి పెర్రీ అనే వైద్యుడు జయపురం కొండల మలేరియా మీద ప్రత్యేకంగా పరిశీలన చేసి ప్రచురించాడు. గెడ్డల్లో, పారే నీటి అంచుల్లో పెరిగే అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్ ఈ కొండల్లో అసలు దోషి అని ఆ తర్వాతి పరిశోధనలు పట్టుకున్నాయి. మలేరియా కథ పెద్దది, దాన్ని విడిగానే చెప్పుకోవాలి. ఇక్కడి ప్రస్తావన ఒంటి మీద కనబడే జబ్బులది. 2022లో మంకీపాక్స్ అనే మాట పత్రికల మొదటి పేజీకి ఎక్కినప్పుడు, పొక్కులొచ్చిన మనిషిని వెతకడం, పరీక్షించడం, వేరుగా ఉంచడం ఏదో కొత్త విద్య అన్నట్టు మాట్లాడారు. తూర్పు కనుమల్లో ఆ విద్య వయసు చాలా ఎక్కువ.

1840ల్లో శామ్యూల్ చార్టర్స్ మెక్‌ఫర్సన్ అనే సైనికాధికారి గంజాం కొండల్లోని కోందు గిరిజనుల గురించి ప్రభుత్వానికి నివేదిక రాశాడు. నరబలిని మాన్పించే పనిమీద వెళ్లినవాడు కాబట్టి అతని చూపంతా దేవుళ్ల మీదే. కోందుల మశూచి దేవత పేరు జూగా పెన్ను. రైతు గింజలు చల్లినట్టు ఆ దేవత మనుషుల మీద మశూచిని చల్లుతుందని వాళ్ల నమ్మకం. జబ్బు ఊళ్లోకి వస్తుందనగానే ఊరు ఖాళీ అయ్యేది. దున్నపోతు, పంది, గొర్రె బలులిచ్చి దేవతను శాంతింపజేయడానికి కొద్దిమంది మాత్రం మిగిలేవారు. ఇరుగుపొరుగు ఊళ్లవాళ్లు అటునుంచి వచ్చే దారులకు అడ్డంగా ముళ్లకంప కట్టేవారు.

ఈ చివరి వాక్యాన్ని మెక్‌ఫర్సన్ మూఢనమ్మకాల పద్దులోనే రాసుకున్నాడు. అంటువ్యాధుల నిపుణుడికి మాత్రం అందులో మూడు పనులు కనిపిస్తాయి: జబ్బు ఎక్కడుందో తెలుసుకోవడం, అక్కడికి రాకపోకలు ఆపడం, జబ్బు తగలనివాళ్లను దూరంగా పంపడం. దేవత నడిచి వస్తుందని నమ్మినవాళ్లు కంప కట్టింది మనిషి నడిచే బాటకే. పేరు ఏదైనా లెక్క తప్పలేదు. అయితే దీన్ని మరీ ఆకాశానికెత్తనక్కర్లేదు. కంపకు అవతల మిగిలిపోయిన రోగికి గంజి ఎవరు పోశారో ఏ నివేదికా రాయలేదు. మశూచి ముదిరాక పారిపోయినవాళ్లలో కొందరు దాన్ని వెంటబెట్టుకుని మరో ఊరికి మోసుకుపోయి ఉంటారు కూడా. మైదానంలో పరిస్థితి ఇంతకన్నా మెరుగేం కాదు. ఉత్తరాంధ్ర పల్లెల్లో అమ్మోరు పోసిన ఇంటికి వేపమండలు కట్టి, కొత్తవాళ్లను రానివ్వకుండా, చివరికి అమ్మవారిని పొలిమేర దాటించి సాగనంపేవారు. ఆ పొలిమేరకు అవతల కూడా ఊరే ఉంటుంది.

టీకా మన దేశానికి వచ్చింది 1802లో. జూన్ 14న బొంబాయిలో ఆనా డస్ట్‌హాల్ అనే మూడేళ్ల పాపకు వేసిన టీకా పట్టింది. అక్కడి నుంచి అది చేయి చేయి పట్టుకుని దేశమంతా నడిచింది. ఒక పిల్ల చేతి పొక్కులోని రసం ఇంకో పిల్ల చేతికి, ఎనిమిదో రోజున అక్కడి నుంచి మరొకరికి. ఎక్కడైనా ఒక పిల్లకు పట్టకపోతే గొలుసు తెగిపోయేది. మద్రాసు ప్రెసిడెన్సీ పట్టణాల్లో ఈ గొలుసు ఎలాగో సాగింది. ఒక గూడేనికీ ఇంకో గూడేనికీ మధ్య రెండు కొండలు, మూడు గెడ్డలు ఉన్నచోట ఇలాంటి గొలుసును ఊహించడమే కష్టం. దానికి తోడు 1839 చట్టం కింద విశాఖ, గంజాం కొండప్రాంతాలు ఏజెన్సీ అయ్యాయి. మైదానంలో సాగే మామూలు చట్టాలు అక్కడ సాగవు, కలెక్టరే గవర్నర్ ఏజెంటు. ప్రెసిడెన్సీలో 1884 టీకాల చట్టం వచ్చినప్పుడు టీకా తప్పనిసరి చేసింది ముందుగా మునిసిపాలిటీల్లోనే.

తర్వాత దూడల మీద పెంచిన టీకా రసం, లసిక, వచ్చింది. మద్రాసు శానిటరీ కమిషనర్ డబ్ల్యూ. జి. కింగ్ పేరు పెట్టుకున్న గిండీ కింగ్ ఇన్‌స్టిట్యూట్ 1899లో మొదలైంది ఈ లసిక తయారీకే. ఎండ దెబ్బకు లసిక చచ్చిపోకుండా దాన్ని గొర్రె ఉన్ని నుంచి తీసే లానొలిన్ అనే జిడ్డులో కలిపి చూసినవాడు కింగ్. సమస్య ఎక్కడుందో దీన్నిబట్టే తెలుస్తుంది. గిండీలో నాణ్యంగా తయారైన మందు రైలెక్కి, బండెక్కి, ఆఖరున మనిషి భుజమెక్కి ఘాటీ దాటేసరికి దానిలో ప్రాణం ఉందో లేదో వేసినవాడికీ తెలియదు, వేయించుకున్నవాడికీ తెలియదు. టీకా వేయించుకున్న పిల్లకు మళ్లీ అమ్మోరు పోస్తే గూడెం ఏమనుకుంటుంది? టీకాల మనిషి కనబడగానే పిల్లల్ని తీసుకుని అడవిలోకి వెళ్లిపోయారని తర్వాతివాళ్లు చెప్పుకుని నవ్వుతుంటారు గానీ, చచ్చిన మందుతో చేతులు గీకించుకున్నవాళ్ల అనుమానంలో తప్పేముంది?

కొండలకు నిజంగా పనికొచ్చిన మందు పొడి టీకా. గడ్డకట్టించి నీరు లాగేసిన ఈ టీకా 37 డిగ్రీల వేడిలో నెలరోజులున్నా పాడవదు. ఐస్ డబ్బా అక్కర్లేదు, సంచిలో వేసుకుని నడవవచ్చు. దేశంలో దీన్ని తయారుచేసిన నాలుగు కేంద్రాల్లో హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ ఒకటి. దానితోపాటే రెండు మొనల సూది వచ్చింది. మొనల మధ్య నిలిచే ఒక్క చుక్కతో పదిహేను పోట్లు పొడిస్తే చాలు, అంతకుముందు నలుగురికి పట్టే మందు పదహారుమందికి సరిపోయేది. గుండ్రంగా తిప్పి చర్మం చీల్చే పాత ఇనుప పనిముట్టుతో పోలిస్తే నొప్పి తక్కువ. ఇప్పటికీ అరవై దాటిన మన్యం పెద్దల జబ్బ మీద ఒకటో రెండో గుంటలు కనిపిస్తాయి. పచ్చబొట్ల మధ్య అవి ప్రభుత్వం వేసిన పచ్చబొట్లు.

1962లో మొదలైన జాతీయ మశూచి నిర్మూలన కార్యక్రమం మొదట పట్టుబట్టింది అందరికీ టీకా అన్న లెక్క మీద. నూటికి ఎనభై మందికి వేస్తే జబ్బు పోతుందన్నారు. వేశారు, పోలేదు. ఆ మిగిలిన ఇరవై మంది ఎక్కడుంటారు? రోడ్డుకు దూరంగా, సంచారంలో, కొండమీద. లెక్క మార్చింది నైజీరియాలోని ఒక కొరత. 1966 డిసెంబరులో విలియం ఫేగీ అనే అమెరికన్ వైద్యుడి దగ్గర అందరికీ వేసేంత టీకా లేదు. జబ్బు ఎక్కడుందో రేడియోలో మిషనరీలను అడిగి తెలుసుకుని ఆ ఊళ్ల చుట్టూ మాత్రమే వేశాడు. జబ్బు ఆగిపోయింది. వెతుకు, చుట్టు, ఆపు అన్న ఈ పద్ధతికి మద్రాసు తొండయార్‌పేట అంటువ్యాధుల ఆసుపత్రిలో ఏడు వేలకు దగ్గరగా మశూచి రోగుల్ని పరిశీలించిన ఎ. ఆర్. రావు అనుభవం కూడా బలమిచ్చింది. భయపడుతున్నంత వేగంగా మశూచి పాకదని, ఒకే ఇంట్లో దగ్గరగా మెలిగేవాళ్లకే ఎక్కువగా తగులుతుందని ఆయన గమనించారు. అంటే దానికన్నా ముందు పరిగెత్తడం సాధ్యమే.

ఆంధ్రప్రదేశ్‌తో సహా దక్షిణాది రాష్ట్రాల్లో 1970ల మొదటికే మశూచి దాదాపు పోయింది. బీహారు, ఉత్తరప్రదేశ్, పశ్చిమ బెంగాల్‌లో మాత్రం మండుతూనే ఉంది. 1973 శరదృతువులో మొదలైన గాలింపులో లక్షకు పైగా సిబ్బంది పది కోట్ల ఇళ్ల గడప తొక్కారు. ఒక్కొక్కరి చేతిలో పొక్కులతో ఉన్న పిల్లవాడి ఫొటో అచ్చేసిన అట్ట. ఇలాంటి పిల్లను ఎక్కడైనా చూశారా అన్నదే ప్రశ్న. బడిపిల్లల్ని అడిగితే పెద్దలు దాచింది బయటపడేది. సంతలో అడిగితే పది ఊళ్ల కబురు ఒక్క పూటలో తెలిసేది.

అరకు ఎరిగినవాళ్లకు దీని సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు. ఈ కొండల్లో వారపు సంతే వార్తాపత్రిక. అడ్డాకులు, చింతపండు, పిప్పళ్లు, రాజ్మా కిందకి దిగుతాయి. ఉప్పు, ఎండుచేప, బట్ట పైకి ఎక్కుతాయి. వాటి సందున ఎవరింట్లో పురుడొచ్చింది, ఏ గూడెంలో గొడ్లు పడిపోతున్నాయి, దిసారి ఎవరికి ఏ ముహూర్తం పెట్టాడు, మంత్రవైద్యం చేసే గురుమాయి ఎవరింట్లో కోడిని కోయించాడు అన్న కబుర్లు చేతులు మారతాయి. నాలుగు మైళ్ల దూరంలోని ఆరోగ్య ఉపకేంద్రానికి తెలియని జబ్బు సంతలో కల్లు అమ్మేవాడికి తెలుస్తుంది.

గాలింపులో మశూచి దొరికిన ఇంటికి నలుగురు కాపలాదారుల్ని కూలి ఇచ్చి పెట్టేవారు. రాత్రీ పగలూ ఎవరినీ బయటికి పోనివ్వరు, టీకా వేయించుకోనిదే ఎవరినీ లోపలికి రానివ్వరు. మెక్‌ఫర్సన్ చూసిన ముళ్లకంపకూ ఈ కాపలాకూ తేడా ఒకటే: ఇక్కడ లోపలివాళ్లకు తిండి అందేది. దేశంలో పుట్టిన చివరి మశూచి కేసు 1975 మే నెలలో బీహారులోని పచేరాలో తేలింది. అదే నెల 24న అస్సాంలోని కరీంగంజ్ రైల్వే స్టేషన్‌లో బంగ్లాదేశ్ నుంచి వచ్చిన సైబన్ బీబీ అనే స్త్రీలో కనిపించినదే ఆఖరుది. ఆ తర్వాత మశూచి కబురు చెప్పినవారికి వెయ్యి రూపాయల బహుమతి ప్రకటించారు. కబురుకు కట్టిన ఆ వెల తీసుకునేవాడు దొరకలేదు. 1977 ఏప్రిల్‌లో భారత్‌కు, 1980 మే 8న ప్రపంచానికంతటికీ మశూచి లేదన్న ముద్ర పడింది.

ఇప్పుడు ఎంపాక్స్ అంటున్న ఆ మంకీపాక్స్ మనిషిలో బయటపడింది ఇలాంటి మశూచి గాలింపు పుణ్యాన్నే. 1958లో కోపెన్‌హాగెన్ ప్రయోగశాల కోతుల్లో కనిపించిన ఆ వైరస్ మనిషికి సోకుతుందని 1970లో కాంగోలోని (తర్వాత కొన్నాళ్లు జైర్) బసాన్‌కుసు ఆసుపత్రికి వచ్చిన తొమ్మిది నెలల బాబు ద్వారా తెలిసింది. ఆ ప్రాంతంలో మశూచి అప్పటికే పోయింది. మరి ఈ పొక్కులేమిటని అనుమానపడ్డారు కాబట్టి నమూనా ప్రయోగశాలకు వెళ్లింది. మశూచి ఇంకా ఊరూరా ఉన్న రోజులైతే ఆ బాబు పదివేలలో ఒకడుగా కలిసిపోయేవాడు. ఇంకో ముడి కూడా ఉంది. భారత గాలింపులో పనిచేసిన చెక్ వైద్యుడు జ్డెనెక్ యెజెక్ 1980ల్లో జైర్ అడవుల్లో ఎంపాక్స్ పరిశీలనలో పాల్గొని, ఫ్రాంక్ ఫెన్నర్‌తో కలిసి 1988లో దాని మీద గ్రంథం రాశాడు. మశూచి టీకా ఎంపాక్స్‌ను సుమారు 85 శాతం అడ్డుకుంటుందన్న అంకె ఆ రోజుల లెక్కల్లోంచి వచ్చిందే. టీకా గుంట ఉన్న తాత, గుంటలేని మనవడు ఒకే అరుగు మీద కూర్చుంటే ఈ వైరస్ ముందు ఇద్దరూ సమానం కాదు.

ఇదే కుటుంబంలో మన వైపు వైరస్ ఒకటుంది, పత్రికలకు పెద్దగా పట్టదు. గేదె పొదుగు మీద, పాలు పితికేవాళ్ల వేళ్ల మీద పొక్కులు తెచ్చే బఫెలోపాక్స్. 1996లో విజయవాడ ప్రాంతం నుంచి వేరుచేసిన ఆ వైరస్ రకానికి శాస్త్రవేత్తలు పెట్టిన పేరులోనే 'విజ్' ఉంది. ఇది మనుషులకు వేసిన మశూచి టీకా వైరస్‌కు దగ్గరి చుట్టం. టీకా నుంచే గేదెలకు దిగిందేమోనన్న వాదన కూడా ఉంది.

అరకు కొండలకు మాత్రం మశూచి తర్వాత పొక్కు రూపంలో వచ్చిన అసలు పరీక్ష వైరస్ కాదు, దొమ్మ. పశువైద్యులు దొమ్మ రోగం అనే ఆంత్రాక్స్. గ్రీకులో ఆంత్రాక్స్ అంటే బొగ్గు. చర్మం మీద చిన్న దురద గుల్లగా మొదలై, చుట్టూ వాచి, నడుమ బొగ్గులా నల్లటి పక్కు కడుతుంది. విచిత్రం, నొప్పి ఉండదు. నొప్పి లేని పుండు కోసం కొండ దిగి ఆసుపత్రికి పోయేదెవరు? 2016 జూన్‌లో అరకు ప్రాంతంలోని కోడిపుంజువలసలో పదిమందికి పైగా ఇలాంటి పుండ్లతో కనిపించారు. చచ్చిన జంతువు మాంసం కోసి పంచుకున్నారన్నది విచారణలో తేలిన సంగతి. విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రికి (కేజీహెచ్) తరలించి వైద్యం చేశారు. వైద్య పత్రికల్లో విశాఖ గిరిజన ప్రాంతపు చర్మ ఆంత్రాక్స్ మీద వ్యాసాలొచ్చాయి. 2011లో చిత్తూరు జిల్లా ముసలిమడుగులో వచ్చిన దొమ్మ మీద కూడా అలాంటి పరిశోధనే ఉంది కనుక ఇది మన్యానికే పరిమితమైన జబ్బు అనుకోవద్దు. సరిహద్దుకు అవతల కొరాపుట్‌లో ఇది తరచూ తల ఎత్తుతూనే ఉంటుంది.

దొమ్మ నేలలో ఉంటుంది. పశువు చచ్చి పడినచోట దాని రక్తంలోని క్రిమి గాలి తగలగానే గట్టి బీజంగా మారి మట్టిలో దశాబ్దాలు పడుకుంటుంది. తొలకరి వానకు పైకి తేలి, కొత్త గడ్డి కోసం నేలకు మూతి ఆనించి మేసే మేక నోట్లోకి పోతుంది. అందుకే ముక్కునుంచి నల్లటి రక్తం కారుతూ హఠాత్తుగా చచ్చిన పశువును కోయవద్దంటారు. కోస్తే ఊరి నేలలో ఇంకో యాభై ఏళ్లకు విత్తనం చల్లినట్టే. జూగా పెన్ను విత్తనాలు చల్లుతుందన్న కోందుల మాట మశూచికన్నా దీనికే ఎక్కువ నప్పుతుంది. పరీక్ష కూడా కోయకుండానే చేయవచ్చు. చెవి నరం నుంచి తీసిన చుక్క రక్తాన్ని గాజు పలక మీద పూసి మిథిలీన్ బ్లూ రంగు వేస్తే నీలపు కడ్డీల చుట్టూ గులాబీ రంగు తొడుగు కనబడుతుంది. తర్వాత ఆరడుగుల గొయ్యి, సున్నం, చుట్టుపక్కల మందలకు టీకా, మనుషులకు మామూలు యాంటీబయాటిక్ మాత్రలు.

అంతా తెలిసిన వైద్యమే. తెలియనిదల్లా పశువు చచ్చిందన్న కబురు. చచ్చిన మేకను తిన్నారని మైదానపు పత్రికలు ముక్కు మీద వేలేసుకుంటాయి. ఇంటి ఆస్తిలో సగం ఆ మేకే అయినవాడు దాన్ని సున్నం పోసి పూడ్చాలంటే ఎవరో ఆ నష్టాన్ని భరించాలి. మశూచి కబురుకు వెయ్యి రూపాయలు ప్రకటించిన ప్రభుత్వం దొమ్మ కబురుకు మేక ధర ఇస్తే గొయ్యి తవ్వడానికి ఊరే ముందుకొస్తుంది. ఈ చిన్న లెక్క అధికారుల ఊహకు అందకపోవడం వింతే.

2020 మార్చి చివర కరోనా లాక్‌డౌన్ మొదలవగానే పాడేరు ఏజెన్సీలో ఎన్నో గూడేలు ఎవరూ చెప్పకముందే దారులకు అడ్డంగా దుంగలు, కొమ్మలు వేసుకున్నాయి. బయటివాళ్లు రావద్దని పొలిమేరలో యువకులు కాపలా కూర్చున్నారు. నూట ఎనభై ఏళ్ల నాటి కంప మళ్లీ దారికి ఎక్కింది. ఈసారి దాన్ని మూఢనమ్మకమని ఎవరూ అనలేదు, స్వీయ నిర్బంధమని మెచ్చుకున్నారు.

ఎంపాక్స్ తెలుగు నేలను భయపెట్టింది 2022 జులైలో. ఆ నెల 14న కేరళలో దేశపు మొదటి కేసు తేలింది. పదిరోజులు తిరక్కుండా కువైట్ నుంచి కామారెడ్డి వచ్చిన ఒక వ్యక్తికి ఒంటి మీద పొక్కులు కనబడితే హైదరాబాద్ నల్లకుంట ఫీవర్ ఆసుపత్రిలో వేరుగా ఉంచి, నమూనాలు పుణేలోని జాతీయ వైరాలజీ సంస్థకు పంపారు. గుంటూరులో ఒక పిల్లవాడి మీద కూడా అనుమానం వచ్చింది. రెండు చోట్లా ఎంపాక్స్ కాదని తేలింది. పొక్కు నుంచి తీసిన దూది పుల్ల, పీసీఆర్ పరీక్ష, దగ్గరగా మెలిగినవాళ్ల మీద 21 రోజుల నిఘా. పద్ధతి అంతా మశూచి నాటిదే, మారింది పరికరం. ఆటలమ్మా, ఎంపాక్సా అన్నది కంటితో చెప్పడం కష్టం కాబట్టి ఆ పరికరం లేనిదే పని జరగదు.

అరకు నుంచి విశాఖ కేజీహెచ్ సుమారు 115 కిలోమీటర్లు, మధ్యలో అనంతగిరి ఘాటీ. రోడ్డు లేని గూడేల నుంచి ఆ రోడ్డు దాకా ఇప్పటికీ డోలీయే. 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది, 2024లో అక్కడే ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. గాజు పలక మీద రంగు వేసి చూడడానికి ఇక ఘాటీ దిగనవసరం లేని రోజు రావాలి. ఈలోగా కొండమీద ఉన్నవాళ్లు, అక్కడికి పోయి వచ్చేవాళ్లు ఒక అంకె గుర్తుంచుకుంటే మంచిది. పశువు ఉన్నట్టుండి పడిపోయి ముక్కునుంచి రక్తం కారితే కత్తి పక్కన పెట్టి 1962కు ఫోన్ చేయండి, పశువైద్య సంచార వాహనం నంబరు అది. సిగ్నల్ లేకపోతే సంతలో చెప్పండి.